వేషాలు, ఎంపికలు, కొందరు స్త్రీలు

రోల్ ప్లేయింగ్ గేమ్ అన్న మాటకి తెలుగు కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. వేషం కట్టడం అన్న మాట మనకి ఎప్పట్నుంచో ఉంది. కూచిపూడి భాగవతుల్లో మగవాళ్లే సత్యభామ వేషం కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ వేషం గురించి చూసినవాళ్లు ఈనాటికీ కథలు కథలుగా చెప్తారు. ఆ నడక కోసం, ఆ ఓరచూపు కోసం ఏళ్ల తరబడి సాధన చేయాల్సి వచ్చేది. ఆడవేషం మగవాడికి అంత కష్టమైన విద్య. ఆ వేదిక మీద ఆడవాళ్లకే చోటు లేకపోవడం వేరే కథ.

కంప్యూటర్ ఆటల్లో వేషం అరగంటలో తయారవుతుంది. ముక్కు, జుట్టు, గొంతు, ఒంటిరంగు, చివరికి నన్ను ఆమె అనాలో అతను అనాలో కూడా జాబితాలోంచి ఏరుకోవచ్చు. ఆ తర్వాత కథలో ప్రతి మలుపు దగ్గరా ఆట ఆగి, ఇప్పుడేం చేస్తావని నన్ను అడుగుతుంది. ఈ ఆటల ఆకర్షణంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 'మైదానం' చదువుతున్నప్పుడు రాజేశ్వరిని ఆపే హక్కు నాకు లేదు, వెళ్లమని పంపే హక్కూ లేదు. ఇక్కడ ఉంది. ఎంపిక అన్న మాట వినగానే స్త్రీవాదులకి చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా, నాకూ అంతే. గత రెండేళ్లలో ఇలాంటి ఆటలు నాలుగు పూర్తిచేశాను. అన్నీ కలిపి మూడు వందల గంటలు దాటే ఉంటుంది. డాక్టరేట్ చేసినదానివి, ఈ పిల్లకాయల ఆటలేమిటని అడిగిన స్నేహితులున్నారు. నాలుగూ పెద్దవాళ్ల కోసం రాసినవే. వాటిలో ఒక్కోదాంట్లో ఉన్న సంభాషణలు లావుపాటి నవలలు కొన్నింటికి సరిపోతాయి. ఏ ఒక్కటీ తెలుగులో లేదు, ఇంగ్లీషులోనే చదువుకోవాలి.

ఈ ఆటల్లో స్త్రీల గురించి విమర్శ కొత్తదేమీ కాదు. అనీటా సర్కీసియన్ 2013లో మొదలుపెట్టిన వీడియోల వరుస, ఆటల్లో ఆడవాళ్లని రక్షించాల్సిన బొమ్మలుగా, చూడాల్సిన ఒళ్లుగా ఎలా తయారుచేస్తున్నారో ఒక్కొక్కటిగా చూపించింది. అందుకు ఆమెకి వచ్చిన బెదిరింపులు అన్నీ ఇన్నీ కావు. ఆ పని జరగబట్టే ఇవాళ నేను ఇంకో ప్రశ్న వేయగలుగుతున్నాను. నిర్ణయం తీసుకునే వేషం నాకు దొరికింది సరే, ఆ నిర్ణయాలు ఎవరి బతుకుల మీద?

'బాల్డర్స్ గేట్ 3'ని బెల్జియంలోని లేరియన్ స్టూడియో 2023 ఆగస్టులో విడుదల చేసింది. ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ ఆటగా నిలిచింది. నాకు నాలుగింట్లో బాగా సరదా పుట్టించింది ఇదే. ఏ పని చేయబోయినా ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లుతుంది. తాళం తీయాలన్నా, అబద్ధమాడాలన్నా, దయ్యాన్ని బుజ్జగించాలన్నా పాచిక పడాల్సిందే. యుద్ధాలు వంతులవారీగా, చదరంగంలాగా తాపీగా సాగుతాయి కాబట్టి వేళ్ల చురుకుతనం అక్కర్లేదు. నేనొక స్త్రీని తయారుచేసుకున్నాను. నలభై దాటినట్టు కనిపించాలని ముఖం మీద ముడతలు కూడా పెట్టాను. ఆ ప్రపంచంలో ఒక్కరంటే ఒక్కరు ఆమెని నీకెందుకమ్మా ఈ కత్తి అనలేదు. రాత్రిపూట ఒంటరిగా ఎక్కడికెళ్తున్నావనీ అడగలేదు. ఇదంతా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొన్నాళ్లకి ఆ హాయిలో ఒక వింత కనిపించింది. ఆ లోకంలో జాతి వివక్ష ఉంది. కొమ్ములున్న టీఫ్లింగ్ కాందిశీకులని అందరూ ఛీకొడతారు, డ్రో జాతి అంటే భయపడతారు. మగపెత్తనం కూడా ఉంది, కాకపోతే అది నా వేషం దగ్గరకి రాదు. దారిలో తగిలే ఇతర స్త్రీలకే ఉంటుంది.

వాళ్లలో మేరీనా ఒకతె. గర్భిణి. భర్త కానర్ చనిపోయాడు. అతన్ని బతికిస్తానని, బదులుగా పుట్టబోయే బిడ్డని ఇవ్వమని ఎథెల్ అనే మంత్రగత్తె ఆమెతో ఒప్పందం చేసుకుంటుంది. ఎథెల్ పైకి అందరినీ నోరారా పలకరించే ముసలి పిన్నిలాగా కనిపిస్తుంది. మేరీనాని వెతుక్కుంటూ వచ్చిన అన్నదమ్ములు ఎథెల్ చేతిలోనే పోతారు. నేను బురదనేల కింద ఉన్న ఆ గుహలోకి దిగి, మంటల్లో వేలాడుతున్న పంజరంలోంచి మేరీనాని విడిపించాను. పాత ఆటల్లో ఐతే ఇక్కడ ఒక నమస్కారం, ఒక సంచీ బంగారం దొరికేవి. మేరీనా నా మీద మండిపడింది. భర్త తిరిగి వచ్చే ఒకే ఒక్క దారిని మూసేశావంది. నిన్నెవరు రమ్మన్నారన్నట్టు మాట్లాడింది. నాకు ఆ క్షణంలో కోపం రాలేదు, సంతోషమేసింది. చాలాకాలానికి రక్షింపబడిన స్త్రీ నోరు తెరిచి రక్షకురాలిని నిలదీయడం చూశాను. ఆమె ఎంపిక తప్పని నాకు తెలుసు. ఆ మంత్రగత్తె మనుషుల్ని బతికించే తీరు ఎలా ఉంటుందో ఆ గుహలోనే తెలుస్తుంది. అక్కడ దొరికే మంత్రదండానికి రచయితలు బిట్టర్ డివోర్స్ అని పేరు పెట్టారు. దాన్ని ఊపితే కానర్ లేస్తాడు, మాటా పలుకూ లేని శవంగా. ఐనా ఆ మొగుణ్ణి చెయ్యిపట్టుకుని నడిపించుకుపోవాలా వద్దా అన్నది మేరీనా తేల్చుకోవాల్సిన విషయం. ఆ దండాన్ని విరిచేసే అవకాశమూ ఆట నాకిచ్చింది. ఆ అధికారం నాకెందుకో అర్థం కాలేదు.

ఇదే ఘట్టంలో నాకు ఒళ్లు మండిన విషయం ఇంకోటుంది. చావు దగ్గరపడ్డప్పుడు ఎథెల్ బేరం పెడుతుంది. తన జుట్టుపాయ ఒకటి ఇస్తుంది. అది తింటే నా బలమో తెలివో ఒక అంకె పెరుగుతుంది. బదులుగా మేరీనాని వదిలేసి నా దారిన నేను పోవాలి. మాటల్తో గట్టిగా బెదిరించి, పాచిక కలిసొస్తే జుట్టుపాయా దక్కుతుంది, మేరీనా కూడా దక్కుతుంది. ఆడేవాళ్ల మధ్య ఈ ఘట్టం ప్రస్తావనకి వస్తే చర్చంతా ఆ ఒక్క అంకె ఎలా సంపాదించాలన్న దాని చుట్టూ తిరగడమే నేను విన్నాను. నిండుచూలాలి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. తప్పు ఆడేవాళ్లదని అనను. కడుపుతో ఉన్న మనిషిని, ఒక అంకెని ఒకే తక్కెడలో పెట్టి చూపించింది ఆటే కదా.

ఇక సహచరుల సంగతి. ప్రతి రాత్రీ విడిదిలో మంట చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కళ్లదీ ఒక్కో గాయం. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వింటాను. సరైన మాటంటే వాళ్లకి నా మీద ఇష్టం పెరుగుతుంది, ఆ ఇష్టానికి ఆట లెక్క కడుతుంది. ఇంటిల్లిపాది మనసులూ కనిపెట్టి మసులుకునే కోడలి పని ఇది. నా పాత్రకేం గాయాలున్నాయో మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. వాళ్లలో నాకు నచ్చింది కార్లాక్. నమ్మిన యజమాని ఆమెని నరకానికి అమ్మేస్తే, పదేళ్లు అక్కడ వేరేవాళ్ల యుద్ధాలు చేసింది. గుండె తీసేసి ఇంజన్ పెట్టారు. ముట్టుకుంటే ఎదుటివాళ్లు కాలిపోతారు. పదేళ్లుగా మనిషి స్పర్శ లేని ఆ స్త్రీకి కమ్మరి ఇంజన్ బాగుచేశాక మొదటిసారి చెయ్యి పట్టుకునే ఘట్టం ఈ ఆట మొత్తంలో చాలా గొప్పది. ఆ ఇంజన్ ఎక్కువకాలం పనిచేయదు. అమ్మిన యజమాని చచ్చాక కూడా తన గుండె తనకి రాదని తెలిసి ఆమె అరిచే అరుపు ఉంది. ప్రతీకారం తీరితే స్త్రీకి న్యాయం జరిగినట్టేనని నమ్మే మన సినిమాలకి ఆ అరుపు వినిపించాలనిపించింది. అక్కడ నేను ఏ జవాబు ఎంచుకున్నా ఆమె కోపం తగ్గలేదు. రాసినవాళ్లు దాన్ని తగ్గనివ్వకపోవడం నాకు నచ్చింది.

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో తెచ్చిన 'ది విచర్ 3'ని నేను ఆలస్యంగా ఆడాను. ఆండ్రే సప్కోవ్‌స్కీ కథల్లోని గెరాల్ట్ ఇందులో నాయకుడు. వేషం మార్చుకునే వీల్లేదు, దాదాపు అంతా మగవాడిగానే ఆడాలి. కత్తియుద్ధాలు నాకు విసుగు పుట్టించాయి, గుర్రం ఇంకా ఎక్కువ విసిగించింది. ఐతే ఈ ఆటలో బ్లడీ బారన్ ఘట్టాన్ని వీడియో గేముల్లో కుటుంబ హింస గురించి వచ్చిన గొప్ప రచనగా పదేళ్లుగా మెచ్చుకుంటున్నారు. అందుకని దాని దగ్గర కాసేపు ఆగాలి.

ఫిలిప్ స్ట్రెంగర్ ఒక చిన్నపాటి యుద్ధ ప్రభువు, తాగుబోతు. భార్య ఆనా, కూతురు తమారా ఇంట్లోంచి మాయమయ్యారు. తన పెంపుడు కూతురు సిరి జాడ కోసం వచ్చిన గెరాల్ట్‌తో, నావాళ్లని వెతికిపెడితే నీ కూతురి గురించి చెప్తానంటాడు. కథ మొదలే ఇద్దరు తండ్రుల మధ్య బేరం. ఆ తర్వాత ఒక్కొక్క పొరా విప్పుతారు. అతను భార్యని కొట్టేవాడు. గర్భంతో ఉన్న ఆనాతో పెనుగులాటలో బిడ్డ పోయింది. ఆ పిండం పిశాచమై తిరుగుతుంటే బారన్ దాన్ని చేతుల్లోకి తీసుకుని, పేరుపెట్టి, కూతురిగా ఒప్పుకుని గడప కింద పూడుస్తాడు. వానలో ఆ లావుపాటి మనిషి ఆ వికృతమైన పిండాన్ని గుండెలకి హత్తుకుని నడుస్తుంటే నాకూ గొంతు పట్టేసింది. ఆ దృశ్యానికున్న బలాన్ని కాదనను.

ఐతే ఆనా ఏది? ఆమెని చూడాలంటే చిత్తడినేలలో ముగ్గురు ముసలి మంత్రగత్తెల దగ్గరికి వెళ్లాలి. అక్కడ అనాథ పిల్లల్ని సాకుతూ, చేతుల మీద ముద్రలతో, సగం మతి తప్పి ఉంటుంది. అప్పుడు ఇంకో విషయం బయటపడుతుంది. ఆమెకి ఆ బిడ్డ అక్కర్లేదు. తనని కొట్టేవాడి బిడ్డని కననని, గర్భం పోగొట్టమని ఆ ముగ్గురినీ అడిగింది. బదులుగా ఏడాది ఊడిగానికి ఒప్పుకుంది. ఈ కథ మొత్తంలో ఆనా స్వయంగా తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే. దానికి రచయితలు పెట్టిన రూపం చూడండి. గర్భం వద్దనుకున్న స్త్రీ మనుషుల్ని తినే మంత్రగత్తెలకి బానిస అవుతుంది. ఆ గర్భాన్ని ఎత్తుకుని ఏడ్చిన పురుషుడు మనిషవుతాడు. అతని పశ్చాత్తాపానికి వాన, సంగీతం, దీర్ఘమైన సంభాషణలు ఉన్నాయి. తన నిర్ణయం గురించి స్పృహలో ఉండి నాలుగు మాటలు చెప్పుకునే సావకాశం ఆమెకి దొరకదు.

ముగింపు నా చేతిలో పెడతారు. కొండ కింద చెట్టులో బందీగా ఉన్న ఒక ఆత్మని వదిలితే అనాథ పిల్లలు బతుకుతారు, ఆనా శాపం తగిలి పోతుంది, బారన్ ఉరేసుకుంటాడు. ఆత్మని చంపితే పిల్లలు మంత్రగత్తెల పాలవుతారు, ఆనా పూర్తిగా మతి తప్పుతుంది, బారన్ ఆమెని వైద్యం కోసం ఎక్కడో కొండల్లో ఉన్న వైద్యుడి దగ్గరికి తీసుకుపోతాడు. ఈ రెండోదాన్ని కొంచెం మంచి ముగింపుగా చెప్పుకునేవాళ్లున్నారు. ఎవడి నుంచి పారిపోయిందో వాడి చేతుల్లోకే, వద్దని చెప్పే తెలివి కూడా లేని స్థితిలో ఆమె తిరిగి వెళ్లడం మంచి ముగింపెలా అవుతుంది? తమారా ఒక్కతే తండ్రిని క్షమించననగలిగింది. ఆ పిల్ల గట్టిది. ఓల్గా 'విముక్త'లో సీతని శూర్పణఖతో, అహల్యతో, రేణుకతో, ఊర్మిళతో మాట్లాడించారు. ఆనా, తమారా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఘట్టం ఒక్కటి ఉన్నా ఈ కథ ఇంకోలా ఉండేది. అది ఎలా ఉండేదో నేను ఊహించుకుంటూనే ఉన్నాను.

ఇలా అన్నానని మగ నాయకుడుంటే స్త్రీల కథ చెప్పలేరని కాదు. ఎస్టోనియా రచయితలు, చిత్రకారులు కలిసి జెడ్.ఏ./యు.ఎమ్. స్టూడియో పేరుతో 2019లో తెచ్చిన 'డిస్కో ఎలీజియం'లో వేషం మరీ ఇరుకు. తాగి తాగి తన పేరు కూడా మర్చిపోయిన నడివయసు పోలీసు. యుద్ధాలు లేవు. అతని తలలోని ఇరవై నాలుగు గొంతులు, సానుభూతి, అధికారం, మనోబలం లాంటివి, ఎప్పుడూ ఒకదానితో ఒకటి వాదులాడుకుంటూ ఉంటాయి. మగతనం అనేది లోపల్నుంచి ఎంత గందరగోళంగా, ఎంత భయంగా ఉంటుందో నాకు ఏ సిద్ధాంత వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు. ముఖ్య రచయిత రాబర్ట్ కుర్విట్జ్. రాసినవాళ్లలో హెలెన్ హిండ్‌పెరె అనే స్త్రీ కూడా ఉంది.

ఇతన్ని వదిలి వెళ్లిపోయిన స్త్రీ పేరు డోరా. ఆమె ఆటలో నేరుగా ఎక్కడా ఎదురుపడదు. కలలో వస్తుంది, అదీ ఆ లోకంలో జనం కొలిచే డోలొరెస్ దేయి రూపంలో, వెలుగు చిమ్ముతూ. ఒక మామూలు మనిషిని దేవతని చేసి, ఆ తర్వాత దేవత కరుణించలేదని కుళ్లిపోవడం! మన భావకవుల నుంచి నిన్నటి సినిమా పాట దాకా ఈ విద్య మనకి బాగా తెలుసు. ఐతే ఇక్కడ రచయితలకి తాము చేస్తున్నదేమిటో తెలుసు. ఆ కలలో నాకు మాటలు వరసగా ఇస్తారు. బతిమాలొచ్చు, నిందించొచ్చు, ముద్దు అడగొచ్చు. ఏది ఎంచుకున్నా ఆమె వెళ్లిపోతుంది. నేను ఆడిన నాలుగు ఆటల్లో ఒక స్త్రీ తీసుకున్న నిర్ణయాన్ని ఆడేవాళ్లు ఏంచేసినా మార్చలేని చోటు నాకు గుర్తున్నంతలో ఇదే. ఎంపికలు ఇవ్వడమే పనిగా ఉన్న ఆట, ఇది నీ చేతిలో లేదని చెప్పింది.

అందులోనే ఇంకో చిన్న ఘట్టం. పుస్తకాల షాపు ముందు ఒక శ్రామిక స్త్రీ నిలబడి ఉంటుంది. భర్త ఇంకా ఇంటికి రాలేదు, వస్తాడులే అంటుంది. తర్వాత సముద్రపు ఒడ్డున చెక్కల బాట విరిగి పడి చనిపోయిన మనిషి దొరుకుతాడు, అతనే. ఆమె ఇంటికి వెళ్లి చెప్పాలి. నేరపరిశోధనకి దీంతో సంబంధం లేదు, చెప్పకుండా వదిలేసినా కథ ఆగదు. చెప్పడానికి కూర్చున్నప్పుడు ఏ మాట ముందు, ఏ మాట వెనక అని ఎంచుకోవాల్సి వచ్చింది. నాకు చాలాసేపు పట్టింది. పక్కన కిమ్ కిట్సురాగి, ఆ నిదానస్తుడైన సహోద్యోగి, ఉండబట్టి సరిపోయింది.

ఫ్రాన్స్‌లో మాంపెలియేకి చెందిన శాండ్‌ఫాల్ వాళ్ల 'క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ముఖ్య రచయిత్రి జెన్నిఫర్ స్వెడ్‌బర్గ్ యెన్. ఇందులో శత్రువు దెబ్బని సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కి ఆపాలి. నా వేళ్లకి అది సాధ్యం కాక కష్టం తగ్గించుకుని కథ కోసమే ఆడాను. ఏటా ఒక చిత్రకారిణి దూరాన ఉన్న బండ మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్లు పూలరేకులై రాలిపోతారు. ఏటా అంకె తగ్గుతుంది. ఈసారి ముప్ఫైమూడు. ముప్ఫైల్లో ఉన్నదాన్ని, ఆ మొదటి ఘట్టం చూసి కాసేపు ఆపేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

(ఇక్కడ్నుంచి ముగింపు చెప్పేస్తున్నాను, ఆడదామనుకునేవాళ్లు ఆపేయొచ్చు.) ఆ లోకమంతా ఒక బొమ్మ అని, కొడుకు వెర్సో అగ్నిప్రమాదంలో పోతే దుఃఖం తట్టుకోలేని తల్లి అలీన్ అతను గీసిన ఆ బొమ్మలోకి వెళ్లిపోయిందని, ఆమెని బయటికి లాగడానికి భర్త రెనువార్ చేస్తున్న యుద్ధమే ఈ వినాశనమని చివర్లో తెలుస్తుంది. అంటే చంపేది చిత్రకారిణి కాదు. ఇంకా బతికుండేది ఎవరో చూపిస్తూ ఆమె హెచ్చరికగా రాసిన అంకెని అందరూ ఆమె నేరమనుకున్నారు. తల్లి దుఃఖానికి గడువు పెట్టే హక్కు ఎవరికుందన్న ప్రశ్నని ఇంత పెద్ద యుద్ధకథలో పెట్టడం సాహసమే. మనతో నడిచిన పదహారేళ్ల మాయెల్ ఆ ఇంటి చిన్న కూతురు అలీసియా. అదే మంటల్లో ఆమె ముఖం కాలిపోయింది, ఒక కన్నూ గొంతూ పోయాయి. బొమ్మ లోపల ఆమె మాయెల్, మాట్లాడుతుంది, పోట్లాడుతుంది, నవ్వుతుంది. ఆ లోకంలోనే ఉంటానంటుంది. ఉంటే బయట ఆమె శరీరం చచ్చిపోతుంది. బొమ్మలో మిగిలిన వెర్సో నీడ, ఆమె మంచికోసమే దాన్ని చెరిపేద్దామంటాడు. ఎవరి పక్షాన పోరాడతావని ఆట రెండు పేర్లిచ్చింది.

మాయెల్ పేరు నొక్కాను. ఆ ముగింపు సుఖంగా లేదు. పోయినవాళ్లందరూ తిరిగొస్తారు, నాటకశాల నిండుతుంది, వెర్సో పియానో ముందు కూర్చుంటాడు. నన్ను పోనివ్వమని ఏడ్చిన మనిషిని ఆమె పోనివ్వలేదు. తనకి జరగకూడదని పోరాడినదాన్నే ఆమె అతనికి చేసింది, ఆ సంగతి ఆట దాచలేదు కూడా. తర్వాత రెండో ముగింపూ చూశాను. ఎండలో సమాధి, చుట్టూ కుటుంబం, వాళ్లమధ్య అలీసియా. దూరంగా తన స్నేహితుల నీడలు కనిపించి మాయమవుతాయి. నేను మాట్లాడిన చాలామంది ఇదే ఆరోగ్యకరమైన ముగింపన్నారు, వాస్తవాన్ని ఒప్పుకోవాలి కదా అన్నారు. ఆ ఇంట్లో ఆమెకి మాట్లాడటానికి గొంతు లేదని, ఆ మంటలకి కారణం నువ్వేనని తల్లే ఆమె మీద కోపం పెట్టుకుందని గుర్తుచేస్తే, కాలక్రమంలో అన్నీ సర్దుకుంటాయన్నారు. ఆనా గురించీ వాళ్లు దాదాపు ఇదే మాటన్నారు.